ఒకే బస్సు, రెండు ట్యాగులు

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డు తిరిగింది. ఏదో విదేశీ కంపెనీ మన రాష్ట్రానికి వస్తోందట, ఇన్ని వేల కోట్లట, ఇన్ని వేల ఉద్యోగాలట. కింద వరసగా చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. మా బావ ఒక్కడు మాత్రం ఓపిగ్గా టైపు చేసి ఒక మాట పెట్టాడు: "ఇట్లాంటివి ఇంకో నాలుగొస్తే చదువుకున్నోడికీ చదువుకోనోడికీ తేడా ఉండదు."

వేరే ఎవరన్నా రాసుంటే చూసి వదిలేసేవాణ్ణి. కానీ మా బావ కొడుకు అట్లాంటి కంపెనీలోనే తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. వాడి జీతమెంతో, వాడితోపాటు చేరిన వాడి జీతమెంతో మా బావకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట మనస్ఫూర్తిగానే రాశాడు. ఆయనకు అట్లా ఎందుకు అనిపిస్తోంది, నాకెందుకు అనిపించడం లేదు? నాలుగు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. రాస్తేనన్నా ఒక దారికొస్తుందేమోనని కూర్చున్నాను.

తడ రోడ్డు, పొద్దున ఐదున్నర

మా అక్కావాళ్లది సత్యవేడు దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడు అక్కడ చెరువు కింద వరి, మెట్టలో వేరుశనగ, ఆ రెండూ లేని నెలల్లో మద్రాసు. మగవాళ్లలో చాలామంది అక్కడి హోటళ్లలోనో కట్టుబడి పనుల్లోనో ఉండి పండగలకు వచ్చేవాళ్లు. 2008లో ఆ పక్కనే శ్రీసిటీ అనే పారిశ్రామిక వాడ మొదలయ్యాక సీను మారింది. ఇప్పుడు పొద్దున ఐదున్నరకు ఊరి ముందు నిలబడితే పావుగంటలో ఏడెనిమిది కంపెనీ బస్సులు పోతాయి. 2015 నుంచి ఫాక్స్‌కాన్ ఫోన్లు, 2016 నుంచి ఇసుజు ట్రక్కులు, 2023 నుంచి డైకిన్ ఏసీలు, ఇవి కాక చిన్నాపెద్దా కలిపి రెండొందలకు పైగా కంపెనీలు.

మా మేనల్లుడు, అదే మా బావ కొడుకు, ఐటీఐలో ఫిట్టర్ చేశాడు. 2016లో ఆ చుట్టుపక్కల ఒక విదేశీ విడిభాగాల కంపెనీలో చేరాడు. అదే నెలలో పక్క వీధి కుర్రాడొకడు, మెకానికల్ బీటెక్, అదే కంపెనీలో చేరాడు. ఇద్దరూ ఒకే మైదానంలో క్రికెట్ ఆడినవాళ్లు. ఒకే బస్సు ఎక్కేవాళ్లు. బీటెక్ కుర్రాడి మెడలో నీలం ట్యాగు, అంటే కంపెనీ రోలు, నేరుగా కంపెనీ ఉద్యోగి. మావాడి మెడలో పచ్చ ట్యాగు, అంటే ఏజెన్సీ, కంపెనీకి మనుషుల్ని పంపే కాంట్రాక్టరు మనిషి.

అప్పుడు మావాడికి 9,800. ఆ కుర్రాడు ట్రైనీ కాబట్టి 16,000. నాలుగేళ్లు ఎక్కువ చదివి, అప్పు చేసి ఫీజు కట్టినవాడికి ఆ మాత్రం తేడా ఉంటే తప్పేముంది? ఆరువేల తేడా చూసి మా బావ నిజంగానే మురిసిపోయాడు. "లక్షలు పోసి బీటెక్ చదివించినోళ్లకి ఇంతేనంట" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన వాట్సాప్‌లో రాసిన మాట పుట్టింది ఆ రోజునే అని నా అనుమానం.

తొమ్మిదేళ్లు గడిచాయి. మావాడికి ఇప్పుడు 17,400. ఆ కుర్రాడికి 78,000. మొదట్లో ఒకటిన్నర రెట్లకు కాస్త పైన ఉన్న తేడా ఇప్పుడు నాలుగున్నర రెట్లకు చేరింది. ఈ మధ్యలో మావాడి చదువు తగ్గలేదు, అవతలివాడి చదువు పెరగలేదు. ఇద్దరి సర్టిఫికెట్లూ 2016లో బీరువాలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

పోయిన వేసవిలో ఇల్లు ఎత్తుకోవడానికి లోను కావాలని మావాడు పే స్లిప్పులు నాకు పంపాడు. బ్యాంకు కాగితాలు నేనైతే సరిగ్గా నింపుతానని వాడి నమ్మకం. స్లిప్పు పైన కంపెనీ పేరు లేదు, ఏజెన్సీ పేరుంది. మొత్తం 17,400లో పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 131, క్యాంటీన్ 500 పోగా చేతికి 15,329. ఇదంతా ఊహించిందే. నేను ఊహించనిది చేరిన తేదీ. తొమ్మిదేళ్లుగా ఒకే గేటులోంచి లోపలికి పోతున్నవాడు స్లిప్పు ప్రకారం ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర కూడా కాలేదు.

"ఏజెన్సీ మారింది గదా మామా" అన్నాడు తేలిగ్గా. ఈ తొమ్మిదేళ్లలో మూడు ఏజెన్సీలు మారాయట. మారిన ప్రతిసారీ వాడు కొత్తగా చేరినవాడే. అదే మెషీను, అదే షిఫ్టు, అదే లాకరు, తేదీ మాత్రం కొత్తది. ఇంక్రిమెంటుకు కావాల్సిన సర్వీసు ఏనాడూ పోగుపడదు. బ్యాంకు మేనేజరు ఆ తేదీ దగ్గర వేలు పెట్టి నావైపు చూశాడు. తొమ్మిదేళ్లని చెప్పాను. కాగితం చూపించమన్నాడు. ఏం చూపిస్తాం?

మెక్సికోలో ఏం జరిగింది

నేను ఎకనామిక్స్ చదివింది డిగ్రీ వరకే. అయినా ఒక పాఠం ఇప్పటికీ గుర్తుంది. 1941లో స్టోల్పర్, శామ్యూల్సన్ అనే ఇద్దరు చెప్పిన సూత్రం. పెద్దగా చదువు లేని కార్మికులు ఎక్కువగా ఉన్న దేశం తలుపులు తెరిస్తే ఆ కార్మికులకే గిరాకీ పెరుగుతుంది, వాళ్ల జీతాలే పైకి వస్తాయి, చదువుకున్నవాళ్లతో తేడా తగ్గుతుంది అని. వాళ్లు మాట్లాడింది వాణిజ్యం గురించి. తర్వాత జనం దాన్ని పెట్టుబడికీ అంటించుకున్నారు. మా బావ ఆ పుస్తకం చదవలేదు గానీ ఆయన వాట్సాప్ మాట అచ్చంగా ఆ సూత్రమే.

దానికి గట్టి ఎదురుదెబ్బ మెక్సికో నుంచి వచ్చింది. అమెరికా సరిహద్దు పొడవునా 1965 నుంచి మకిలదోరాలని పిలిచే ఫ్యాక్టరీలు వెలిశాయి. అమెరికా కంపెనీలు విడిభాగాలు పంపితే వీళ్లు బిగించి వెనక్కి పంపేవాళ్లు. 1980ల్లో మెక్సికో తలుపులు బార్లా తెరిచింది, పెట్టుబడి వెల్లువలా వచ్చింది. సూత్రం ప్రకారమైతే తేడా తగ్గాలి. పెరిగింది. ఫీన్‌స్ట్రా, హాన్సన్ అనే ఇద్దరు 1997లో ఆ లెక్కలు తవ్వారు. విదేశీ పెట్టుబడి బాగా పోగుపడిన ప్రాంతాల్లో మొత్తం జీతాల బిల్లులో నైపుణ్యం ఉన్నవాళ్ల వాటా 1980ల చివర్లో ఎంత పెరిగిందో, అందులో సగానికి పైగా ఆ పెట్టుబడి వల్లే వచ్చిందని తేల్చారు.

వాళ్లు చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. అమెరికాలో అట్టడుగు మెట్టు అనుకున్న పని సరిహద్దు దాటి మెక్సికోలో దిగితే, అక్కడ అప్పటికే ఉన్న పనులకంటే అది పైమెట్టు. దాంతో ఇటు మెక్సికోలోనూ, అటు చిన్న పని పోగొట్టుకున్న అమెరికాలోనూ చదువుకున్నవాడికే గిరాకీ పెరుగుతుంది. ఒకే పని ఇల్లు మారినందుకు రెండు ఇళ్లలోనూ తేడా పెరిగిందన్నమాట.

ఇంకో చిన్న సంగతి. వాళ్ల లెక్కలో "నైపుణ్యం ఉన్నవాళ్లు" అంటే డిగ్రీలు చూసి ఏరినవాళ్లు కారు. ఉత్పత్తి లైను మీద ఉన్నవాళ్లు ఒక పక్క, లైను మీద లేనివాళ్లు ఇంకో పక్క. అంటే నిలబడి పనిచేసేవాళ్లు, కూర్చుని పనిచేసేవాళ్లు. చదువు లెక్కలు దొరక్క అలా చేశారనుకోండి. నాకైతే ఆ సర్దుబాటులోనే అసలు సంగతి ఉందనిపిస్తుంది.

ఎందుకంటే మావాడి కంపెనీలో జరిగింది అదే. ఒక లైను వచ్చిందంటే దాని వెనకే ప్లానింగు, క్వాలిటీ, మెయింటెనెన్సు, హెడ్డాఫీసుకు రిపోర్టులు వస్తాయి. విదేశీ మేనేజరు చెప్పింది అర్థం చేసుకుని లైను మీదకు మోసుకొచ్చే మనిషి కావాలి. నీలం ట్యాగు కుర్రాణ్ణి మూడో ఏట మూడు నెలలు కంపెనీ సొంత దేశానికి పంపారు. వాడు వెళ్లింది ఏ మెషీను గురించి నేర్చుకోవడానికో, ఆ మెషీను మీద పనిచేస్తున్నది మావాడు. శబ్దం మారితే ఏ బేరింగు పోబోతోందో మావాడు లైటార్పినా చెప్పగలడు. ఆ కుర్రాడే ఒకసారి సంక్రాంతికి మా ఇంట్లో అన్నాడు, "అక్కడ మూడు నెలల్లో చెప్పనిది వీడు మూడు రోజుల్లో చూపించినాడు అన్నా" అని. మంచి పిల్లాడు, దాచుకోలేదు. కానీ వాడు తిరిగొచ్చాక హైక్ వాడికే వచ్చింది.

చదువు ఒక్కటే అయితే నరసాపుర ఎందుకు జరిగింది

ఇక్కడిదాకా రాసి, సరే, చదువుకున్నవాడు గెలిచాడు, చదువుకోనివాడు ఓడాడు అని తేల్చేద్దామనుకున్నాను. అప్పుడు నరసాపుర గుర్తొచ్చింది. మన గోదావరి నరసాపురం కాదు, కోలారు జిల్లాలోది. తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్న జిల్లా.

2020 డిసెంబరు 12న అక్కడ ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో కార్మికులు తిరగబడి అద్దాలు పగలగొట్టారు, బండ్లు బోర్లించారు. అప్పుడు పత్రికల్లో వచ్చిన జీతాల గొడవ నేను మర్చిపోలేదు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు 21,000 అని చెప్పి తీసుకుని, దాన్ని 16,000 చేసి, ఆఖరికి 12,000కు తెచ్చారని. ఇంజినీరింగ్ కానివాళ్లకు 8,000కు దిగిందని. పనిగంటలు ఎనిమిది నుంచి పన్నెండు అయ్యాయని. తైవాన్ పెట్టుబడి, అమెరికా బ్రాండు, మధ్యలో లేబర్ కాంట్రాక్టర్లు. ఆపిల్ ఆ కంపెనీకి కొత్త ఆర్డర్లు ఆపేసి కొన్నాళ్లు ప్రొబేషన్‌లో పెట్టింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటాల చేతికి వచ్చింది.

అక్కడ బీటెక్ పట్టా ఎవరినీ కాపాడలేదు. 12,000, 8,000 మధ్య తేడా కూడా ఒకటిన్నర రెట్లే, ఇంచుమించు 2016లో మావాడికీ వాడి స్నేహితుడికీ ఉన్నంత. కాంట్రాక్టరు గేటులోంచి లోపలికి పోతే చదువు విలువ ఆ ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగిపోతుంది. కంపెనీ గేటులోంచి పోతే ఏటేటా పెరుగుతుంది. ఏ గేటు ఎవరికన్నది చాలావరకు చదువే నిర్ణయిస్తుంది, అందులోనూ కాలేజీ పేరు, ఇంగ్లీషు. ఒకసారి లోపలికి అడుగుపెట్టాక మాత్రం జీతాన్ని పెంచేదైనా తొక్కిపెట్టేదైనా రోలే. విదేశీ పెట్టుబడి వచ్చిన చోట మొదటి నెల జీతాలు చూసి తేడా తగ్గిందనడం మా బావ చేసిన పొరపాటు. పదో ఏడు జీతాలు చూడాలి.

ఇది విదేశీయుల మీద కోపంతో అంటున్న మాట కాదు. కాంట్రాక్టు అలవాటు వాళ్లు తెచ్చింది కాదు, మన దగ్గర ముందే ఉంది. దేశంలో నమోదైన ఫ్యాక్టరీ కార్మికుల్లో పదిమందిలో నలుగురు కాంట్రాక్టు మీదే ఉన్నారని ప్రభుత్వం వాళ్ల పరిశ్రమల వార్షిక సర్వేనే 2022-23కు లెక్క చెప్పింది. నేను లెక్కలు రాసిపెట్టే చిన్న చిన్న లోకల్ కంపెనీల్లోనైతే పీఎఫ్ కట్టించడమే ఒక యుద్ధం. ఈఎస్ఐ సంగతి అడిగితే ఓనరు నవ్వుతాడు. వాటితో పోలిస్తే మావాడి స్లిప్పు స్లిప్పే. విదేశీ కంపెనీ కిందివాడికీ లోకల్ కంపెనీకంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. పైవాడికి మాత్రం చాలా ఎక్కువ ఇస్తుంది. ఇద్దరూ లాభపడుతూనే ఒకరికొకరు దూరమవుతారు. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవని ఒప్పుకోకపోవడం వల్లే మా బావతో వాదన ఎప్పుడూ తెగదు.

మా అక్క పెట్టిన చీవాట్లు

ఇదంతా ఫోన్లో మా అక్కకు చెప్పాను. ఆమె సాంతం విని, "నువ్వు నెలకింత అని ఉద్యోగం చేసుకుంటా లెక్కలేస్తావు. ఆ కంపెనీ రాకుంటే వాడు మద్రాసులో ఎంగిలి ప్లేట్లు కడుగుతా ఉండేవాడు. మీ బావ కడగలేదా?" అంది.

కడిగాడు. ఆరేళ్లు. అందుకే ఆయనకు 17,400 గొప్పగా కనిపిస్తుంది. ఆయన కొలిచేది తను నడిచిన దూరాన్ని. నేను కొలిచేది వాడికీ నీలం ట్యాగు కుర్రాడికీ మధ్య దూరాన్ని. మావాడికి ఈ రెండింటిలో ఏది ముఖ్యమో ఇంతవరకు వాణ్ణి అడగలేదు.

అక్క ఇంకో మాట అంది, అది ఇంకా గట్టిది. ఎదురింటి అమ్మాయి ఇంటర్ అయ్యాక ఫోన్ల కంపెనీలో చేరింది. ఆ అమ్మాయిని బీటెక్ కుర్రాడితో పోల్చడమేమిటి? వాళ్లమ్మ నాట్లు వేసి తెచ్చే కూలితో పోల్చాలి. సొంత బ్యాంకు ఖాతా, పెళ్లి రెండేళ్లు వెనక్కి, తమ్ముడి ఫీజు. పైగా పిల్లలంతా కంపెనీలకు పోతుంటే నాట్లకు మనుషులు దొరక్క కూలి కూడా పెరిగిందట. కూలి ఇచ్చే రైతులు తిట్టుకుంటున్నారు, తీసుకునేవాళ్లు తిట్టుకోవడం లేదు. ఈ లాభం ఏ పే స్లిప్పులోనూ కనపడదు. దీన్ని నా లెక్కలో ఎక్కడ పెట్టాలో నాకు నిజంగా తెలియలేదు.

కానీ ఆ అమ్మాయి డిగ్రీలో సీటు వచ్చాక మానేసింది. ఆ సంగతి అక్క చెప్పలేదు, నేను గుర్తు చేశాను. మెక్సికోలో ఇదీ జరిగింది. ఎగుమతి ఫ్యాక్టరీల్లో కొత్తగా వచ్చిన ప్రతి 25 ఉద్యోగాలకు ఒక పిల్లో పిల్లాడో తొమ్మిదో తరగతితో బడి మానేశారని డేవిడ్ ఆట్కిన్ అనే ఆయన 2016లో రాశాడు. పద్దెనిమిదేళ్లకు చేతికొచ్చే జీతం, ఇరవై రెండేళ్లకు రాబోయే జీతాన్ని మింగేస్తుంది. ఇంట్లో అప్పులున్నప్పుడు ఇదేం తెలివితక్కువ నిర్ణయం కూడా కాదు.

మరి హైదరాబాదు

దీనికి తలకిందులుగా నడిచిన కథ మన దగ్గరే ఉంది. 1998లో మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటరు, సైబర్ టవర్స్ మొదలైన దగ్గర్నుంచి 2019లో అమెజాన్ కట్టిన క్యాంపస్ దాకా హైదరాబాదుకు వచ్చిన విదేశీ డబ్బు లైను మీద మనుషుల్ని నిలబెట్టే రకం కాదు. దేశానికి వచ్చే విదేశీ పెట్టుబడిలో పెద్ద వాటాలు సేవల రంగానివి, కంప్యూటర్ రంగానివి. అక్కడ టెన్త్ పాసైనవాడికి నేరుగా పనే లేదు. ఇలాంటి పెట్టుబడి పిల్లల్ని బడి మాన్పించదు, బడికి తోస్తుంది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు బడుల లెక్కలు తీసి ఆస్టర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 2013లో చూపించారు: ఊళ్లో కొత్తగా ఒక కాల్ సెంటరు లాంటిది వస్తే చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో చేరే పిల్లలు 5.7 శాతం పెరిగారు. ఆ పెరుగుదల ఎక్కువగా ఇంగ్లీషు మీడియం బడుల్లోనే. పెట్టుబడి రకాన్ని బట్టి పిల్లలు బడికి పోవడమో మానడమో ఉంటుందని ఈ రెండు అధ్యయనాలూ పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది. ఫార్వర్డుల్లో మాత్రం పెట్టుబడి అంతా ఒకటే, కోట్లలో.

ఇందులో నా ఇల్లు ఏ వైపు ఉందో కూడా చెప్పాలి. మా అమ్మాయి హైదరాబాదులో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో చేస్తుంది. నేను వెళ్లినప్పుడల్లా కింద గేటు దగ్గర ఒక సెక్యూరిటీ ఆయన పలకరిస్తాడు. శ్రీకాకుళం వైపు మనిషి, బీఏ పాసయ్యాడు. పన్నెండు గంటల డ్యూటీ. జీతం మా అమ్మాయి కట్టే అద్దెలో సగం. మా అమ్మాయి రోజూ కార్డు గీకే అదే తలుపు దగ్గర ఆయన నిలబడతాడు. ఆ బ్యాంకు ఇచ్చే ఉద్యోగాల లెక్కలో మాత్రం ఆయన ఉండడు, ఆయన ఎవరో సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి. అందుకే హైదరాబాదు ఆఫీసుల సగటు జీతం అంత ఘనంగా కనిపిస్తుంది. తక్కువ జీతాలన్నీ ముందే వేరే కంపెనీల ఖాతాలోకి వెళ్లిపోయాయి మరి.

అడగని ప్రశ్న

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేశారు. అప్పుడు టీవీల్లో ఎంత చర్చ! అదంతా స్థానికులెవరు, కంపెనీలు పారిపోతాయా పారిపోవా అనే. ఆ ఉద్యోగం ఎవరి రోలు మీద, ఎన్నేళ్లకు పర్మనెంటు అని అడిగినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. భూమి ఇస్తాం, కరెంటులో రాయితీ ఇస్తాం, పన్ను వెనక్కి ఇస్తాం. ఇన్ని ఇచ్చేటప్పుడు మూడేళ్లు ఒకే మెషీను మీద పనిచేసినవాణ్ణి మీ రోలు మీదకు తీసుకోండి, ఏజెన్సీ మారినా చేరిన తేదీ మార్చొద్దు అనే రెండు ముక్కలు ఒప్పందంలో రాయించుకోలేమా? కంపెనీలు వెళ్లిపోతాయంటారు. కొన్ని వెళ్తాయేమో కూడా. తమిళనాడు సరిహద్దుకు ఇంత దగ్గరగా ఉన్న చోట ఆ భయం ఉత్తుత్తి భయమని నేననను. కానీ లైటార్పినా మెషీను పట్టేసే మనిషిని పోగొట్టుకోవడం కంపెనీకి మాత్రం లాభమా? ఇది మావాడి మీద ప్రేమతో అంటున్న మాట అయ్యుండొచ్చు. లైను మీద ఎవరున్నా ఒకటే అనే కంపెనీలు ఉండబట్టే ఏజెన్సీలు బతుకుతున్నాయి.

ఆఖరికి ఆ వాట్సాప్ గ్రూపులో నేనూ ఒక మాట పెట్టాను: "ఈ ఉద్యోగాల్లో కంపెనీ రోలు మీద ఎన్ని?" ఇద్దరు బొటనవేలి బొమ్మ పెట్టారు. మా బావ చూసి ఊరుకున్నాడు. ఎవరో గుడి ఫొటో పెట్టారు, దాంతో అది పైకి వెళ్లిపోయింది.

రాత్రి పదకొండు దాటాక, సెకండ్ షిఫ్టు బస్సులోంచి అనుకుంటా, మా మేనల్లుడు నాకు విడిగా మెసేజ్ చేశాడు. "ఆ కొత్త కంపెనీ ఎప్పటికి వస్తుంది మామా? రోలు మీద తీసుకుంటే ఏజ్ లిమిట్ ఎంత పెడతారో కనుక్కోగలవా? నాకు ముప్పై నిండుతా ఉంది."